డెబ్యుసీ కేక్‌వాక్ బ్రాస్ క్వింటెట్‌కి రాస్తున్నా, నవ్వు మాత్రం రావట్లేదు

రెండో_ట్రంపెట్

నమస్కారం అండీ. డాలస్ దగ్గర మాదొక చిన్న బ్రాస్ క్వింటెట్, అంటే ఐదుగురి ఇత్తడి వాయిద్యాల బృందం. రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా. పగలు ఉద్యోగాలు, సాయంత్రం వాయిద్యాలు, అదీ మా పరిస్థితి. వేసవి సెలవుల ముందు ఊరి లైబ్రరీలో ఒక కచేరీ ఒప్పుకున్నాం. పిల్లలూ పెద్దలూ కలిసి వస్తారు, కాస్త నవ్వొచ్చే క్లాసికల్ ఏదైనా పెట్టండి అన్నారు. నాకు వెంటనే తట్టింది ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ పియానోకి రాసిన ‘చిల్డ్రన్స్ కార్నర్’లో ఆఖరిది, గాలివాగ్స్ కేక్‌వాక్ (గాలివాగ్ అనే బొమ్మ చేసే కేక్‌వాక్ డాన్సు).

మ్యూజ్‌స్కోర్‌లో (స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్) సగం రాసేశాను, ఫైల్ ఇక్కడ జత చేశాను. స్వరాలన్నీ ఉన్నాయి, లయ తప్పలేదు. కానీ నవ్వు లేదు. అవే స్వరాలు పియానో మీద వింటే మూతి దానంతటదే వంకర పోతుంది. ఇత్తడికి మార్చేసరికి స్కూలు పరేడ్ పాట అయి కూర్చుంది.

మధ్యలో జర్మన్ ఒపెరాల స్వరకర్త వాగ్నర్‌ని ఆటపట్టించే చోటు ఎవరికివ్వాలో తేల్చుకోలేకపోతున్నా. పైగా ఆ భాగమంతా జి-ఫ్లాట్ మేజర్. ఆరు ఫ్లాట్లు చూసి మా ట్రాంబోన్ ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు. ఇక మా వాళ్లలో సగం మందికి ట్రాంబోన్ జారుళ్లు (స్లైడ్ లాగుతూ ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం), వా-వా మ్యూట్లు (గొంతు మార్చడానికి వాయిద్యం మూతికి పెట్టే మూతలు) ఉంటేనే కామెడీ అని గట్టి నమ్మకం. మీరేమంటారు?

స్లైడ్‌సుబ్బు

జారుళ్లు పెట్టు తమ్ముడూ, మొహమాటపడకు. కేక్‌వాక్‌ని పారిస్‌కి మోసుకెళ్లినవాళ్లలో అమెరికా సూసా బ్యాండ్ ఒకటి, 1900 ప్రపంచ ప్రదర్శనలో. ఆ బ్యాండ్‌లో ట్రాంబోన్ సోలోలు వాయించింది ఆర్థర్ ప్రయర్. అంటే ఈ సంగీతం పియానో మీదికి రాకముందు బ్యాండ్లలో మోగినదే. నువ్వు చేస్తున్నది మార్చడం కాదు, పుట్టింటికి తిరిగి తీసుకురావడం. పుట్టింట్లో కాస్త అల్లరి చేస్తే తప్పేంటి?

నల్లమెట్టు

సుబ్బు గారూ, చరిత్ర మీరు చెప్పిందే. డెబ్యుసీ సూసా గురించి 1903లో పత్రికలో రాశాడు కూడా. కానీ ఆయన స్కోర్ మీద ఏం రాశాడో చూడండి. అసలు పాట మొదలయ్యే చోట, చిన్న ‘పి’ గుర్తు (మెత్తగా అని) పక్కన, ‘త్రే నెట్ ఎ త్రే సెక్’ అని ఉంటుంది. చాలా స్పష్టంగా, చాలా పొడిగా వాయించమని. జారుడు అంటే రెండు స్వరాల మధ్య తడి. ఆయన అడిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

నేను పియానో టీచర్ని. ఇది పిల్లలకు నేర్పిస్తుంటాను కాబట్టి నవ్వు ఎక్కడ చస్తుందో నాకు బాగా తెలుసు. పిల్లలు “ఇది జోకు పాట” అని తెలియగానే భుజాలు ఊపుతారు, పెద్ద స్వరాలను గుద్దుతారు, కళ్లు తిప్పుతారు. అంతే, అయిపోయింది. ఈ పాట నవ్వకుండా జోకు చెప్పే మేనమామ. ఆయన ముందుగా నవ్వితే మనకు నవ్వు రాదు.

మొదటి నాలుగు బార్లు (స్కోర్‌లో నిలువు గీతల మధ్య గళ్లు) చూడండి. హడావుడిగా, గట్టిగా, అందరూ కలిసి దిగుతారు. ఒక్క దెబ్బ. తర్వాత ఖాళీ. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మెల్లగా ‘ఊం-పా ఊం-పా’ మొదలవుతుంది. జోకు ఆ హడావుడిలో లేదు, ఆ ఖాళీలో ఉంది. మీ అరేంజ్‌మెంట్‌లో ఆ ఖాళీ నిజంగా ఖాళీగా ఉందా అని ముందు వినండి.

కొత్తగా_చేరా

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను హైదరాబాద్‌లో కీబోర్డు నేర్చుకుంటున్నా. వాగ్నర్‌ని ఆటపట్టించడం అంటే ఏంటి? రికార్డింగ్ విన్నాను, మధ్యలో నెమ్మదిస్తుందని తెలిసింది కానీ అందులో జోకు ఎక్కడుందో అర్థం కాలేదు.

నల్లమెట్టు

మంచి ప్రశ్న, ఏమీ అనుకోం. వాగ్నర్ ఒపెరా ‘ట్రిస్టన్ ఉండ్ ఇజోల్డ’ 1865లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడింది. ప్రేమ, విషం, చావు, గంటల తరబడి తీరని తపన. దాని మొదట్లో చెల్లోలు ఒంటరిగా ఒక స్వరం నుంచి పైకి ఎగిరి, అక్కణ్నుంచి అరమెట్లుగా దిగుతాయి. చెల్లోలు దిగిన చోట ఎటూ తేలని ఒక కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వస్తుంది. ఆ కాలంలో యూరప్‌లో సంగీతం రాసేవాళ్లందరి నెత్తి మీదా ఆ కార్డ్ కూర్చుంది. డెబ్యుసీ కూడా 1888లోనూ 1889లోనూ జర్మనీలో వాగ్నర్ ఉత్సవాలు జరిగే బైరూట్ దాకా వెళ్లి వాగ్నర్‌ని విని వచ్చినవాడే. తర్వాత ఆ మత్తు దించుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

ఇప్పుడు కేక్‌వాక్ 61వ బార్ వినండి. బొమ్మ గెంతుతూ గెంతుతూ ఆగుతుంది. ఎడమ చేయి ఆ ట్రిస్టన్ ఎత్తుగడనే పాడుతుంది. దాని మీద ‘ఎంతో ఉద్వేగంతో’ అని సూచన. వెంటనే, అసలు వేగంలో, పైన చిట్టి చిట్టి స్టకాటోలు (తెంపి తెంపి వాయించే పొట్టి స్వరాలు) కిసుక్కుమంటాయి. మళ్లీ ఉద్వేగం, మళ్లీ కిసుక్కు. అదే జోకు.

దీనికో కథ ఉంది. 1908 డిసెంబర్ 18న పారిస్‌లో దీన్ని మొదట వాయించింది హెరాల్డ్ బావర్. అందులో వాగ్నర్ ఉన్నాడని బావర్‌కి తెలియనే తెలియదట, డెబ్యుసీ చెప్పాకే తెలిసిందట. డెబ్యుసీ హాల్లో కూర్చోకుండా బయట పచార్లు చేస్తూ, జనం ఎలా తీసుకున్నారని కంగారు పడ్డాడని, నవ్వారని చెబితే ఊపిరి పీల్చుకున్నాడని బావర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. చూశారా, వాయించేవాడికే జోకు తెలియకపోయినా జనం నవ్వారు. నేను జారుళ్లు వద్దనేది అందుకే.

స్లైడ్‌సుబ్బు

కథ బాగుంది మేడమ్. కానీ అప్పుడు హాల్లో ఉన్నది పారిస్ జనం, ట్రిస్టన్ విన్నవాళ్లు. లైబ్రరీలో ఏడేళ్ల పిల్లాడికి ట్రిస్టన్ ఎవరు, వాడి బాబాయెవరు? వాడికి నవ్వు రావాలంటే ఏదో ఒకటి జారాలి.

పిస్టన్‌పంతులు

బాబూ రెండో_ట్రంపెట్, నీ ఫైల్ తెరిచి చూశాను. చాలావరకు బాగానే చేశావు. నాకు కనిపించినవి చెబుతాను.

మొట్టమొదట, కంప్యూటర్ ప్లేబ్యాక్‌ని నమ్మకు. దానికి పెదవి అలవదు, ఊపిరి అక్కర్లేదు, మ్యూట్ పెట్టుకోవడానికి చేయి ఖాళీ అవ్వాల్సిన పని లేదు. మొదటి ట్రంపెట్‌కి నువ్వు మొదటి బార్ నుంచి ఎక్కడా విశ్రాంతి ఇవ్వలేదు. పియానో కుడిచేతిలో ఉన్నదంతా ఎత్తి ఒకడి మూతికి కట్టేశావు. మధ్యభాగం వచ్చేసరికి అతని పెదవి వాచిపోతుంది, తిరిగి పాట మొదటికొచ్చినప్పుడు పై స్వరాలు పగులుతాయి. పాటని పదాలుగా, అంటే ఒక్క ఊపిరిలో పాడే ముక్కలుగా, విడగొట్టు. ఒక పదం మొదటి ట్రంపెట్, జవాబు రెండో ట్రంపెట్. విన్నవాడికి సంభాషణ అనిపిస్తుంది, వాయించేవాడికి ఊపిరి దొరుకుతుంది.

ఖాళీ బార్ గురించి నల్లమెట్టు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. అయితే పియానోకీ ఇత్తడికీ ఒక తేడా ఉంది. పియానో మీద పెడల్ ఎత్తితే శబ్దం చచ్చిపోతుంది. ఐదుగురు గట్టిగా ఊది ఆపితే గది ఇంకా మోగుతూనే ఉంటుంది. లైబ్రరీలో నేల గట్టిగా, పైకప్పు ఎత్తుగా ఉంటే నీ ఖాళీ అంతా ప్రతిధ్వనితో నిండిపోతుంది. కాబట్టి ఆ దెబ్బ స్వరాన్ని కాగితం మీద ఉన్నదానికంటే పొట్టిగా రాయి. అలాగని నాలుకతో ‘టట్’ అని కొరికి ఆపొద్దు, కొత్తవాళ్లు అదే చేస్తారు. ఊపిరి ఆపాలి, నాలుక కాదు. గది మోత సద్దుమణిగే దాకా ట్యూబా మొదలెట్టకూడదు. అవసరమైతే ఆ ఖాళీ మీద చిన్న ఫెర్మాటా (కావలసినంత సేపు ఆగమనే గుర్తు) పెట్టుకో, ఎవరూ కేసు వెయ్యరు.

ఇక కీ సంగతి. ఈ-ఫ్లాట్ మేజర్ ఇత్తడికి సొంతిల్లు. బి-ఫ్లాట్ ట్రంపెట్‌కి ఎఫ్ మేజర్ కనిపిస్తుంది, ఒకే ఫ్లాట్. ఎఫ్ హార్న్‌కి బి-ఫ్లాట్, రెండు. ఎటొచ్చీ మధ్యభాగం జి-ఫ్లాట్ అయ్యేసరికి ట్రంపెట్లకు నాలుగు, హార్న్‌కి ఐదు, ట్రాంబోన్‌కీ ట్యూబాకీ ఆరు ఫ్లాట్లు. చాలామంది ఇక్కడే పాటనంతా ఒక మెట్టు పైకి జరిపేస్తారు. అప్పుడు ఎఫ్, ఎ-ఫ్లాట్ వస్తాయి, ట్రంపెట్ కాగితం మీద జి, బి-ఫ్లాట్. చదవడానికి హాయి. కానీ ఒక మెట్టు పైకి అంటే పై స్వరాలన్నీ కూడా ఒక మెట్టు పైకే. పాట ఆఖర్లో మెత్తగా నడిచి, ఉన్నట్టుండి ఫోర్టిసిమో (చాలా గట్టిగా) పేలాలి. అలిసిన పెదవితో ఆ మెట్టు చాలా ఖరీదు. అరమెట్టు కిందికి దించితే డి మేజర్, అది ట్రంపెట్‌కి ఈ మేజర్ అవుతుంది, నాలుగు షార్పులు. ఆ ఆలోచనే వద్దు. ఉన్న కీలోనే ఉండు. మీ ట్రాంబోన్ ఆయన్ని కళ్లజోడు తిరిగి పెట్టుకోమను. ఆ భాగం కాస్త నెమ్మది కూడా, ఆయన భయపడినంత ఉండదు.

గోదారి_హార్న్

లండన్ నుంచి. పంతులు గారి మాటకు తిరుగు లేదు. హార్న్ తరఫున మాత్రం కొన్ని ఫిర్యాదులు.

ఆ ‘ఊం-పా’లో ‘పా’ అంతా మాకే రాసేస్తారు. పేజీ పొడుగునా ఆఫ్‌బీట్‌లు, అంటే తాళం దెబ్బల మధ్యన పడే స్వరాలు. వాయించలేక కాదు. సగం రిహార్సల్ అయ్యేసరికి హార్న్ మనిషి వినడం మానేసి లెక్కపెట్టడం మొదలెడుతుంది, ఆఫ్‌బీట్‌లు నిద్రపోతాయి, పాట కుంటుతుంది. హార్న్, ట్రాంబోన్, ఖాళీగా ఉన్న ట్రంపెట్, వీళ్ల మధ్య తిప్పండి. ఇంకో సంగతి, కింది స్థాయిలో హార్న్ స్టకాటో బురదలా వినిపిస్తుంది. ‘పొడిగా’ అని డెబ్యుసీ అంటే అక్కడ ట్రాంబోన్ మేలు.

ఇక వాగ్నర్ ముక్క. అది హార్న్‌దే, చర్చ అక్కర్లేదు 🙂 కారణం కూడా చెబుతాను. క్వింటెట్‌లో నిజమైన ప్రేమగీతం పాడినట్టు వాయించగలిగేది హార్న్ ఒక్కటే. ఆ ముక్కని వెటకారంగా వాయిస్తే కిసుక్కుమని నవ్వడానికి ఏమీ మిగలదు. కచేరీ మొత్తంలో అన్నిటికంటే అందంగా వాయించాల్సిన చోటు అదే. కొద్దిగా వైబ్రాటో (స్వరంలో సన్నని వణుకు), నిండు ఊపిరి, మెల్లగా ఉబ్బడం. జనంలో ఒకరిద్దరు ‘అబ్బా’ అనుకోవాలి. అప్పుడు ట్రంపెట్లు పైన కిచకిచలాడాలి. ఏడేళ్ల పిల్లాడికి వాగ్నర్ తెలియక్కర్లేదు సుబ్బు గారూ. పెద్దవాళ్లు సీరియస్‌గా ఉంటే వెనక ఎవరో నవ్వారని వాడికి తెలిస్తే చాలు. ఆ జోకు ప్రతి క్లాస్‌రూమ్‌లోనూ ఉన్నదే.

స్లైడ్‌సుబ్బు

సరే, పిల్లాడి విషయంలో ఒప్పుకున్నా. హార్న్ విషయంలో ఒప్పుకోను. వాగ్నర్ అది చెల్లోలకి రాశాడు. చెల్లో స్థాయి, చెల్లో గొంతు ఎవరిది? ట్రాంబోన్‌ది. పైగా ఆ అరమెట్ల దిగుడు స్లైడ్ మీద వచ్చినంత వెన్నలా వాల్వుల మీద రాదు. జారుడు కాదు, లెగాటో (స్వరాలను తెగకుండా కలిపి వాయించడం). తేడా నాకు తెలుసులెండి.

ఇంకోటి, జారుడు అంటే మీరంతా సర్కస్ అనుకుంటున్నారు. హెన్రీ ఫిల్మోర్ ట్రాంబోన్ జారుడు పాటల వరుస మొదలెట్టింది 1908లోనే, చిల్డ్రన్స్ కార్నర్ అచ్చయిన ఏడాదే. ఆ కాలపు శబ్దమే అది. మొత్తం పాటలో ఒకే ఒక్కటి అడుగుతున్నా. ఆఖరి రెండు బార్లకు ముందు.

పిస్టన్‌పంతులు

ఒక్కటైతే నాకూ అభ్యంతరం లేదు, కానీ ఆఖర్లో కాదు. ఆఖర్లో పెడితే జనం దాన్నే గుర్తుపెట్టుకుంటారు, డెబ్యుసీ ముగింపు పోతుంది. పెట్టాలంటే మధ్యభాగం అయిపోయి మొదటి పాట తిరిగొచ్చే చోట, అదీ మెత్తగా. విన్నామా లేదా అని అనుమానం రావాలి. స్లైడ్ మీద ఏ జారుడు కుదురుతుందో ఆయన్నే చూసుకోమను. ఒకే హార్మోనిక్‌లో, అంటే పెదవి బిగింపు మార్చకుండా స్లైడ్ ఒక్కటే కదిపితే వచ్చే స్వరాల్లో, ఉంటేనే నిజమైన జారుడు వస్తుంది. కింది బి-ఫ్లాట్ స్లైడ్ మీద మొదటి పొజిషన్, దాని పైనున్న బి నేచురల్ ఏడో పొజిషన్. అరేంజర్లు అరమెట్టే కదా అని గీత గీసేస్తారు, పాపం ఆ మనిషి చేయి మూరెడు సాగాలి.

నల్లమెట్టు

పంతులు గారు రాజీ కుదిర్చారు కానీ నేను ఓటు మార్చుకోలేదని నమోదు చెయ్యండి. ఒక్కటీ వద్దు.

ట్యూబాతమ్ముడు

అందరూ ట్రంపెట్లు, హార్న్ అంటూ మాట్లాడుతున్నారు. ట్యూబా వాళ్లకి పండగ ‘చిల్డ్రన్స్ కార్నర్’లో రెండోది కదా, జింబో లాలిపాట. ఏనుగు బొమ్మ, అట్టడుగు స్వరాలు, అంతా నిద్రమత్తు. ఈ కేక్‌వాక్‌కి ముందు అది కూడా పెట్టొచ్చుగా? ఒకదాని పక్కన ఒకటి చాలా బాగుంటాయి.

అసలు విషయానికొస్తే గ్రేస్ నోట్లు, అంటే అసలు స్వరానికి ముందు తగిలించే చిట్టి స్వరాలు. ఆ కిసుక్కు నవ్వుల్లో చిన్న చిన్న గ్రేస్ నోట్లు ఉంటాయి. పియానో మీద వేలు పక్క మెట్టుని రాసుకుంటూ పోతుంది, దాదాపు రెండూ ఒకేసారి మోగుతాయి. ఇత్తడి మీద గ్రేస్ నోట్‌కి నిజంగా కొంచెం టైం పడుతుంది. రెండు ట్రంపెట్లకు ఉంచండి, మిగతా ముగ్గురికీ తీసేయండి. నాకు గ్రేస్ నోట్ రాస్తే అది నవ్వు కాదు, తేన్పు.

రెండో_ట్రంపెట్

తమ్ముడూ 😂 తేన్పు మాట మా ట్యూబా ఆవిడకి పంపించాను, ఆమె కూడా అదే అంటున్నారు.

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. మ్యూట్ల గురించి ఎవరూ తేల్చలేదు. కిసుక్కు నవ్వులకు రెండు ట్రంపెట్లకీ మ్యూట్ పెడదామని ఉంది. ఏ మ్యూట్? పెట్టుకునే టైం ఎక్కడుంది?

పిస్టన్‌పంతులు

స్ట్రెయిట్ మ్యూట్. మెటల్‌దైతే ఇంకా మంచిది, ఆ సన్నటి గొంతు కావాలి మనకి. కప్ మ్యూట్ పెడితే నవ్వు మెత్తబడి దగ్గులా వస్తుంది. హార్మన్, వా-వా ముట్టుకోవద్దు. వాటి గొంతు వినగానే జనానికి కార్టూన్లు గుర్తొస్తాయి, వాగ్నర్ వచ్చేలోపే జోకు చెప్పేసినట్టవుతుంది.

రవెల్ 1922లో ముస్సోర్గ్‌స్కీ పియానో సంగీతం ‘పిక్చర్స్’ని ఆర్కెస్ట్రాకి రాసినప్పుడు ష్మూయ్లె అనే పేదవాడి గొంతుకి మ్యూట్ పెట్టిన ట్రంపెట్ ఇచ్చాడు. పియానో స్వరాలు అవే, కానీ ఆ ఒక్క రంగుతో మనిషి కళ్ల ముందు నిలబడతాడు. ఆ తర్వాత అదే ‘పిక్చర్స్’ని ఎల్గర్ హోవర్త్ ఫిలిప్ జోన్స్ బ్రాస్ ఎన్‌సెంబుల్ కోసం పూర్తిగా ఇత్తడికే రాశాడు. ఆ రికార్డింగ్ దొరికితే తప్పకుండా విను. రంగుని ఎంత పొదుపుగా వాడాలో తెలుస్తుంది.

టైం సంగతి. మధ్యభాగం 47వ బార్ దగ్గర మొదలవుతుంది, వాగ్నర్ వచ్చేది 61లో. ఆ మధ్యలో కొన్ని బార్లు హార్న్, ట్రాంబోన్, ట్యూబాతో నడిపించు. ట్రంపెట్లు నింపాదిగా మ్యూట్ పెట్టుకుంటాయి. హడావుడిగా పెడితే మ్యూట్ నేల మీద పడి దొర్లుతుంది. దానికీ జనం నవ్వుతారు, అది వేరే విషయం. తీసేటప్పుడు కూడా అంతే టైం ఉంచు.

ఇంకో ముఖ్యమైన మాట. పియానో కార్డుల్లో పక్కపక్క స్వరాలు రెండు గుద్దుకునే చోట్లు ఉన్నాయి. ఐదుగురికి పంచేటప్పుడు స్వరాలు ఎక్కువై ఏదో ఒకటి తీసెయ్యాలి. అప్పుడు అందరూ ఆ గుద్దుడు స్వరాన్నే తీసేస్తారు, తప్పు స్వరంలా వినిపిస్తుందని. అది తీస్తే ఉప్పు తీసినట్టే. కార్డ్‌లో రెండుసార్లు వచ్చే ఐదో స్వరం ఉంటే, వాటిలో ఒకదాన్ని తీసెయ్యి. గుద్దుకునే రెండింటినీ రెండు ట్రంపెట్లకే ఇవ్వు. ఒకటి ట్రంపెట్‌కి, ఒకటి హార్న్‌కి ఇస్తే కొరుకుడు పోతుంది. ఒకే గొంతువాళ్లు ఇద్దరు గొడవ పడితేనే బాగా వినిపిస్తుంది.

గోదారి_హార్న్

61వ బార్‌లో ఇంకో చిక్కు, వేగం ఎవరి చేతిలో ఉంటుంది? పియానో మీద ఒకే మనిషి నెమ్మదిస్తాడు, ఒకే మనిషి ఠక్కున అందుకుంటాడు. ఐదుగురిలో మామూలుగా మొదటి ట్రంపెట్ సైగ చేస్తుంది. ఇక్కడ అలా చెయ్యొద్దు. నెమ్మదించే భాగం వాగ్నర్ వాయించేవాళ్ల చేతిలో ఉండాలి, మిగతావాళ్లు కళ్లు కాగితం మీద నుంచి ఎత్తి వాళ్లనే చూడాలి. అసలు వేగం అందుకోవడం మాత్రం మొదటి ట్రంపెట్ చేతిలో. అందుకునేటప్పుడు ముక్కుతో గాలి పీల్చి బెల్ (వాయిద్యం మూతి) ఎత్తే అలవాటు మానేయమనండి. ఆ ‘స్స్’ శబ్దం విన్న వెంటనే నవ్వు రాబోతోందని జనానికి తెలిసిపోతుంది. చిన్నగా కనుబొమ్మ చాలు.

ఈ నాలుగు బార్లు విడిగా, మిగతా పాట లేకుండా, పదే పదే చెయ్యండి. మిగతాదంతా ఇంటి దగ్గర సాధన చేసుకోవచ్చు, ఇది మాత్రం ఐదుగురూ ఉంటేనే వస్తుంది.

కొత్తగా_చేరా

ఇదంతా చదివాక మళ్లీ విన్నాను. 61 దగ్గర నవ్వొచ్చింది, మా అమ్మ వంటింట్లోంచి ఏమైందని అడిగింది.

రెండో_ట్రంపెట్

😀 ఇంకో ఇబ్బంది ఉంది. పేరు. లైబ్రరీ ఆవిడ కరపత్రం కోసం పాటల పేర్లు అడిగారు. ‘గాలివాగ్’ అని రాయాలా?

నల్లమెట్టు

రాయకపోవడమే మంచిది, లేదా రాస్తే వివరణతో రాయాలి. గాలివాగ్ అనేది 1895లో ఫ్లోరెన్స్ కేట్ అప్టన్ పిల్లల పుస్తకంలో వచ్చిన గుడ్డ బొమ్మ పేరు. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ నాటకాల ముఖం ఆ బొమ్మది. డెబ్యుసీ తన కూతురు షూషూకి, అప్పటికి మూడేళ్ల పిల్ల, అంకితమిచ్చిన ఆల్బమ్‌లో తెలిసిన ఆటబొమ్మ పేరుగా వాడాడు. కానీ డాలస్‌లో, అన్ని రంగుల పిల్లలూ కూర్చున్న గదిలో, ఆ మాట కరపత్రం మీద అచ్చు వేస్తే కొందరికి అది మామూలు బొమ్మ పేరుగా అనిపించదు.

కేక్‌వాక్ చరిత్ర మాత్రం చెప్పాలి. అమెరికా దక్షిణాన బానిసలుగా ఉన్న నల్లవాళ్లు తెల్ల యజమానుల డాన్సుల దర్జాని, ఆ నడకని, ఆ వంగి నమస్కారాలని మొహం బిగించుకుని అనుకరించేవాళ్లు. బాగా చేసినవాళ్లకి కేకు బహుమతి. తమని వెక్కిరిస్తున్నారని చాలామంది దొరలకి అర్థమే కాలేదని చెబుతారు. తర్వాత అదే మిన్‌స్ట్రెల్ వేదికల మీద తిరగబడి నల్లవాళ్లనే వెక్కిరించే సరుకయింది. పిల్లలకి ఇదంతా రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. కరపత్రంలో ‘కేక్‌వాక్, చిల్డ్రన్స్ కార్నర్ నుంచి’ అని వేయండి చాలు.

స్లైడ్‌సుబ్బు

ఇది ఒప్పుకుంటున్నా. మొహం బిగించుకుని అనుకరించడం అన్నారు చూడండి, అక్కడ నాకు జారుడు మీద కాస్త మనసు విరిగింది. కాస్త మాత్రమే.

ట్యూబాతమ్ముడు

పేరు గొడవ వద్దనుకుంటే ఎరిక్ సాటీ ఉన్నాడుగా. 1913లో ‘ఎండబెట్టిన పిండాలు’ అని మూడు ముక్కలు రాశాడు, మూడూ సముద్రపు జీవాల మీద. రెండోదాంట్లో షోపాన్ శవయాత్ర మార్చ్‌ని తీసుకుని, దాని మీద షూబర్ట్ ప్రసిద్ధ మజుర్కా అని రాశాడు. అలాంటి మజుర్కా ఏదీ లేదు. శవయాత్ర మార్చ్ అంటే ఇత్తడికి అంతకంటే ఏం కావాలి? మూడోదాని ఆఖర్లో ముగింపు కార్డు ఎంతకీ ముగియదు. ఇదే ఆఖరిది అనుకుంటే ఇంకోటి. జనం చప్పట్లు మొదలెట్టి ఆపి మళ్లీ మొదలెడతారు.

నల్లమెట్టు

సాటీతో ఒక చిక్కుంది. సగం జోకు స్వరాల మధ్యన రాసిన మాటల్లో ఉంటుంది. ‘పంటి నొప్పి ఉన్న కోకిలలా’ వాయించమని మొదటి ముక్కలో రాస్తాడు. ఆ మాట వాయించేవాడికే కనిపిస్తుంది. చదివి వినిపిద్దామా అంటే, 1914లో ఇంకో ముక్క ముందు తన మాటల్ని కచేరీలో పైకి చదవొద్దని సాటీ హుకుం జారీ చేశాడు. తెర మీద వేస్తే ఆయన హుకుం మీరలేదని వాదించొచ్చేమో. పిల్లలున్న కచేరీకి ఆ ముగియని ముగింపు మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది.

పిస్టన్‌పంతులు

ఒక కచేరీకి ఒక జోకు పాట చాలు. రెండోది వింటే జనం కాచుకుని కూర్చుంటారు. సాటీని వచ్చే ఏడాదికి దాచుకో.

హక్కుల సంగతి ఎవరూ అడగలేదు కానీ చెబుతున్నా. డెబ్యుసీ 1918లో పోయాడు, ‘చిల్డ్రన్స్ కార్నర్’ని ద్యూరాన్ అచ్చు వేసింది 1908లో. ఇండియాలోనూ అమెరికాలోనూ హక్కుల గడువు ఎప్పుడో తీరింది. పాత ద్యూరాన్ కాపీ చూసి నువ్వు రాసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ మధ్య ఎవరో ఎడిట్ చేసిన కాపీ నుంచో, వేరేవాళ్ల బ్రాస్ అరేంజ్‌మెంట్ నుంచో ఎత్తుకోవద్దు, అది వాళ్ల సొత్తు. ఆంద్రె కాప్లె దీన్నే ఆర్కెస్ట్రాకి మార్చి రాసిన స్కోర్ కూడా పాతదే. ఏ పదం ఏ వాయిద్యానికి ఇచ్చాడో చూడ్డానికి పక్కన పెట్టుకో, కాపీ కొట్టడానికి కాదు.

రెండో_ట్రంపెట్

శనివారం రిహార్సల్‌లో ఇవన్నీ పెట్టి చూశాం. కీ మార్చలేదు. మొదటి దెబ్బ స్వరాన్ని పొట్టి చేశాను. దాని తర్వాత ఖాళీలో మా ట్యూబా ఆవిడ నిజంగానే ఆగారు, పక్కన కాఫీ తాగుతున్న మొదటి ట్రంపెట్ భార్య తలెత్తి చూసింది. మొదటి పాటని రెండు ట్రంపెట్ల మధ్య పంచాక పరేడ్ వాసన పోయింది. మొదటి ట్రంపెట్ ఆయన ఆఖరి ఫోర్టిసిమో దాకా పగలకుండా వెళ్లారు.

వాగ్నర్ ముక్కని రెండు రకాలుగా విన్నాం. ట్రాంబోన్ మీద బాగుంది, బరువుగా, నిజంగా ఒపెరాలో వేదిక ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గొయ్యిలోంచి వచ్చినట్టే. హార్న్ మీద వాయించినప్పుడు మాత్రం పైన ట్రంపెట్లు కిసుక్కుమనగానే మా ట్రాంబోన్ ఆయనే ముందు నవ్వేశారు, ఆయన పార్ట్ తప్పిపోయింది. ఆ ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది కదా, అందుకని మొదట హార్న్, తర్వాత ట్రాంబోన్, ఆఖరిసారి ఇద్దరూ కలిసి అని రాశాను. సుబ్బు అన్న, గోదారి_హార్న్ గారు ఇద్దరూ నన్ను క్షమించాలి.

జారుడు ఒక్కటి ఉంది, పంతులు గారు చెప్పిన చోటే, మెత్తగా. నల్లమెట్టు గారి అభ్యంతరం నమోదైంది. జింబో కూడా పెడుతున్నాం, ట్యూబా ఆవిడ పట్టుబట్టారు.

పార్ట్‌లు ప్రింట్ తియ్యబోతున్నా. ఇంకేమైనా చూడాలా?

గోదారి_హార్న్

ఇద్దరూ కలిసి వాయించే చోట ట్రాంబోన్‌ని ఒక స్థాయి తక్కువ డైనమిక్‌తో (ఇంకాస్త మెత్తగా) రాయండి. లేకపోతే నేను అక్కడ ఉన్నట్టే తెలియదు. మా ట్రాంబోన్ల సంగతి నాకు తెలుసు.

స్లైడ్‌సుబ్బు

అన్యాయం. రాయకు తమ్ముడూ, మేం వింటాం.

పిస్టన్‌పంతులు

రాయి. ఇంకోటి, ట్రంపెట్ పార్ట్‌లలో పేజీ తిప్పే చోటు మ్యూట్ తీసే చోటుతో కలవకుండా చూసుకో. ఒక చేతిలో వాయిద్యం, ఒక చేతిలో మ్యూట్ ఉంటే కాగితం తిప్పడానికి మూడో చెయ్యి లేదు. 61వ బార్ నుంచి పాట మొదటికి తిరిగొచ్చే దాకా అంతా ఒకే పేజీలో పట్టేలా సర్దు. మిగతా పేజీల్లో ఖాళీ మిగిలినా ఫర్వాలేదు.